అటు తిరిగి నిలబడ్డావిడ

మొన్న మా కోడలు నన్ను మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఎక్స్‌రేలు చూసి, పక్కగదిలో ఉన్న ఒక పిల్లకి నన్ను అప్పజెప్పాడు. చిన్నపిల్లే. తెల్లకోటు, చేతిలో రబ్బరు తాడు. "బామ్మగారూ, నిలబడండి. ఇప్పుడు చెప్పండి, బరువు ఎక్కడ పడుతోంది?" అంది. అలవాటుగా అడిగిందే తప్ప, జవాబు వస్తుందని అనుకున్నట్టు లేదు.

"ఎడమ మడమ బయటి అంచు మీద ఎక్కువుంది. కుడి బొటనవేలు ఊరికే ఆనుకునుంది, పని చెయ్యట్లేదు. దవడ కూడా బిగుసుకుంది, అది మాత్రం నువ్వు చూస్తున్నావని" అన్నాను.

ఆ పిల్ల రబ్బరు తాడు పక్కన పెట్టేసింది. "ఎవరు నేర్పారండీ మీకు?" అంది. మా కోడలు కూడా నావైపు చూసింది. దానికీ తెలీదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు మరుగుదొడ్డి దగ్గర మొదలుపెట్టాలి. ఆ గదిలో ఇద్దరు మగవాళ్ళు బల్లల మీద పడుకుని కాళ్ళెత్తుతున్నారు. "ఒకావిడలే" అని ఊరుకున్నాను. డెబ్భై ఏళ్ళదాన్ని, ఇంకా సిగ్గే. ఇంటికొచ్చాక, అంతటి మనిషిని 'ఒకావిడలే' అన్నందుకు ఇంకో సిగ్గు పట్టుకుంది. రాయడమైతే ఎవరి మొహమూ చూడక్కర్లేదు కదా అని కూచున్నాను.

ఆవిడని అరకు రైల్వే క్వార్టర్లలో అందరూ డ్రిల్లమ్మ అనేవారు. మా పైవరసలో తమ్ముడి ఇంట్లో ఉండేది. తమ్ముడు స్టేషన్లో గూడ్సు గుమాస్తా, మావారు ఆయన కింద పని. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు కింద మైదానంలో ఏదో ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసిందని, ఉన్నట్టుండి మానేసిందని అనుకునేవారు. ఎందుకు మానేసిందో ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పేవారు. పొడుగు మనిషి. యాభై దాటినా ఆ ఎర్రమట్టి వాలు దిగుతుంటే అడుగు చప్పుడు వినబడేది కాదు. కొంగు నడుం చుట్టూ తిప్పి బొడ్లో దోపి, రెండు చేతులూ వదిలేసి నడిచేది. మా అత్తగారికి ఆ వదిలేసిన చేతులంటేనే ఒళ్ళుమంట. "మగరాయుడు దిగతన్నాడు సూడు" అనేది.

ఆవిడకి రెండు దురలవాట్లుండేవి. ఒకటి చుట్ట. మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటాం. ముసలమ్మలు వీధరుగు మీద కూచుని కాల్చినా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ చదువుకున్నదాన్ని, టీచరు చేసినదాన్ని, నేను కాల్చడమేమిటని ఆవిడకే నామోషీ. పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనకాల గొంతుక్కూచుని కాల్చేది. ఎవరైనా వస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పంటినొప్పి ఉన్నట్టు నిలబడేది. ఏమడిగినా జవాబు రాదు. "డ్రిల్లమ్మకి ఇవాళ పన్ను నొప్పి" అని క్వార్టర్లంతా నవ్వుకునేవాళ్ళం. మాకు తెలుసని ఆవిడకి తెలుసు. అయినా చివరిదాకా ఆ చెయ్యి అడ్డం పెట్టడం మానలేదు.

రెండోది, మనుషుల నడక దొంగిలించడం. శుక్రవారం సంతరోజు కల్వర్టు మీద కూచునేది. అల్లం కావిళ్ళు, పసుపు మూటలు, పిప్పళ్ళు, కోళ్ళు, వాటి వెనకాల మనుషులు దిగుతుంటే ఆవిడ మొహాలు చూసేది కాదు, కాళ్ళు చూసేది. తర్వాత పెరట్లో మాకు నడిచి చూపించేది. "ఈయన ముందు పొట్టని పంపించి తర్వాత తను వస్తాడు" అని నాలుగడుగులు వేస్తే స్టేషను మాస్టరే. "ఈవిడ భూమ్మీద కోపంతో నడుస్తాది" అంటే మా అత్తగారు. నన్ను మాత్రం నా ఎదట ఎప్పుడూ చేసి చూపించలేదు. నేను పడ్డదాన్ని కదా, అందుకని.

నేను సాలూరు పిల్లని, మా వైపు మాటలో సాలూరు గుంటని. మా నాయనమ్మ నాకు నడక నేర్పింది. ఆడపిల్ల నడిస్తే గడపకి కూడా తెలియకూడదు. తల వంచాలి, భుజాలు ముందుకి ముడుచుకోవాలి, ఎడమ చంకలో బిందె ఉంటే కుడిచెయ్యి పైట అంచు పట్టుకుని ఉండాలి. సాలూరు వీధులు చదునుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఈ నడకతో ఎవరూ చావరు. పెళ్ళయిన ఏడే అరకు వచ్చాను. క్వార్టర్లు పైన, కుళాయి వాలు కింద. ఆ వానాకాలం మొదట్లో ఒక ఉదయం నిండు బిందెతో ఎక్కుతున్నాను. పైనుంచి గ్యాంగ్‌మెన్లు దిగుతున్నారు. తల ఇంకాస్త వంచి, పైట ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. కాలు జారింది. కూచున్నట్టుగా దబ్బున పడ్డాను.

బిందె సొట్టపోలేదు. పైట జారలేదు. మా అత్తగారు ఆ సంగతి వరస వరసంతా చెప్పుకుంది. "పడిపోనాది గానీ అంతమంది మగోల్ల ముందర పైట జారనిచ్చిందేటి నా కోడలు? పెంపకమంటే అదీ!" నేను మంచం మీద పడుకుని అది విని, నొప్పిలో కూడా కాస్త గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పడడం కంటే ఆ గర్వానికే ఎక్కువ సిగ్గేస్తుంది.

విరిగిన నడుం ఎముక అతికిందని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. నేను మాత్రం లేవలేకపోయేదాన్ని. కింద కూచుంటే గుమ్మమో గోడో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మూలుగుతూ లేవాలి. ఏదీ అందకపోతే అత్తగారు చంకల కింద చేతులు వేసి లాగేది. వంట కిందే, తిండి కిందే, ఇక మిగతాది చెప్పక్కర్లేదు. లెట్రిన్‌కి వెళ్ళాలన్నా అత్తగారు రావాలి. ఇరవై ఏళ్ళ దాన్ని, తలుపు అవతల అత్తగారు నిలబడి "అయిందేటే?" అంటుంటే... నీళ్ళు తాగడం మానేశాను, వెళ్ళాల్సిన పని తగ్గుతుందని.

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడకీ నడుముంది, అదీ నొప్పెడుతుంది. ఒకరోజు మావారితో అంది. "దసరాకి సాలూరు అంపించీదాం. బాగుపడ్డాక తెచ్చుకుందాం." ఆయన పేపరు చదువుతున్నారు. చదువుతూనే ఉన్నారు. బాగుపడకపోతే ఏమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. మా పుట్టింటి వీధిలో అలాగే బాగుపడేదాకా అని వచ్చినావిడ ఒకావిడ ఉండేది. నేను పుట్టకముందు వచ్చింది. నా పెళ్ళికి అక్షింతలు వేసేనాటికి జుట్టంతా తెల్లబడిపోయింది.

ఆ శుక్రవారం అత్తగారు సంతకి వెళ్ళింది. "బేగొచ్చీస్తాను, అంతదాకా ఓర్చుకో" అంది. ఓర్చుకోవడం నా చేతిలో ఉంటే ఇది రాయాల్సిన పనే లేకపోయేది. గోడ పట్టుకుని పెరటి లెట్రిన్‌కి వెళ్ళాను. కూచున్నాను. లేవలేకపోయాను. లోపల పట్టుకోవడానికి రేకు తలుపు గడియ తప్ప ఏమీ లేదు, దాన్ని లాగితే తలుపే తెరుచుకుంటుంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. పిలుద్దామంటే ఎవరిని పిలవను? అత్తగార్ని పేరు పెట్టి పిలవకూడదు, మొగుడి పేరు అసలే పలకకూడదు. "అమ్మా" అన్నాను. దానికైతే ఎవరైనా రావచ్చు.

అడుగుల చప్పుడు లేకుండా డ్రిల్లమ్మ గొంతొక్కటే వచ్చింది. "ఎవరే లోపల? సాలూరు గుంటవేనా?"

"లేవలేకపోతున్నానండీ. ఎలాగో గడియ తీస్తాను, పట్టి లేపండి."

"తియ్యకు. ఉండనీ గడియ. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఎవరూ రాకుండా సూత్తాను. పని అయిపోనాదా?"

"అయింది."

"మరేటి తొందర? కూకో. పళ్ళెందుకు కరుస్తన్నావు?"

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. రేకు తలుపు అవతల, అటు తిరిగి ఉన్న మనిషికి నా పళ్ళ సంగతెలా తెలిసింది?

"మాట నలిగొస్తంది. దవడ వదిలీ. ఊపిరి పీల్చు. లెగమని నేను అన్లేదు, లెగకు. మడమలెక్కడున్నాయి?"

"కింద."

"కింద కాక నెత్తిమీదుంటాయేటి? నేలకి ఆనాయా, లేచున్నాయా?"

నేను వంగి చూసుకున్నాను. ఆవిడకి అదీ తెలిసిపోయింది. "సూడకు. వాటినే అడుగు."

నా మడమల్ని నేనెప్పుడూ ఏమీ అడగలేదు. కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి తెలిసింది, రెండూ గాలిలో ఉన్నాయి. నా ఒంటి బరువంతా వేళ్ళ మీద వేలాడుతోంది. ఆవిడ చెప్పినట్టు కుడివైపు కొంచెం వాలాను, ఎడమవైపు కొంచెం వాలాను. ఉయ్యాల్లో పిల్లని ఊపినట్టు ఊగు, లెగకు, ఊగు అంటోంది. ఊగగా ఊగగా మడమలు మెల్లిగా నేలకి దిగాయి.

"ఇప్పుడు ముక్కు ముందుకి పంపించు. తలుపుని వాసన చూత్తన్నట్టు. బుర్ర ఎంత ముందుకెల్తే పిర్రలు అంత తేలిక. వాటిని నువ్వు మొయ్యక్కర్లేదు, అవే వస్తాయి."

పట్టపగలు ఒక పెద్దావిడ 'పిర్రలు' అని అంత గట్టిగా అనడం నేనెప్పుడూ వినలేదు. నవ్వొచ్చింది. నవ్వుతుండగా చూసుకుంటే నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలీదు. తలుపు తీసేసరికి ఆవిడ పెరటి దారినే పైకి వెళ్ళిపోతోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ రోజు నా మొహం చూసుంటే మళ్ళీ జన్మలో ఆవిడ ఎదట పడేదాన్ని కాదు.

స్వెట్టరు అల్లిక నేర్చుకుంటానని అత్తగారికి చెప్పి మధ్యాహ్నాలు పైవరసకి వెళ్ళడం మొదలుపెట్టాను. డ్రిల్లమ్మకి అల్లిక రాదు. మరదలు సగం అల్లి వదిలేసిన ముక్క ఒకటి, రెండు సూదులు మధ్యలో పడేసి ఉంచేది, ఎవరైనా వస్తే చూపించడానికి. మొదట ఆవిడని మేడమ్ గారూ అనేదాన్ని. తర్వాత అప్పా అన్నాను. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. పాఠం చెప్పేటప్పుడు ఆవిడ టీచరు భాష వదిలేసి మా ఊరి మాటే మాట్లాడేది.

మొదటిరోజు చాప మీద వెల్లకిలా పడుకోమంది. పడుకున్నాను. మోకాళ్ళు దగ్గరికి చేర్చి, పైట బిగించి, శవంలా. ఇంకో మనిషి ముందు అలా పడుకోవడానికి ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ఆవిడ తలుపువైపు తిరిగి కూచుంది.

"వీపు చాపకి ఎక్కడ తగుల్తంది?"

"అంతా."

"అబద్దం. మల్లీ అడుగు."

అడగగా అడగగా చెప్పింది నా వీపు. నడుం కింద చెయ్యి దూరేంత సందుంది. కుడివైపు బరువు, ఎడమవైపు తేలిక. ఎడమ భుజం అసలు చాపకి ఆననే లేదు, పడుకున్నా కూడా బిందె మీదికి వంగే ఉంది. నా ఒంటి గురించి నాకు తెలిసిందల్లా అది దాచుకోవాల్సిందని. అడిగితే జవాబు చెప్తుందని తెలీదు.

ఆవిడ చెప్పే కసరత్తుల్లో కసరత్తనేదే ఉండేది కాదు. ఏది చెయ్యమన్నా వెంటనే "అందులో సగం" అనేది. సగం చేస్తే "ఇంకా ఎక్కువే, అందులో సగం" అనేది. నొప్పి వచ్చేదాకా చేసి వీరురాలిలా మొహం పెడితే కోప్పడేది. "నొప్పి ఇంటికెల్లమని ఎవరన్నారే? దాని వీధి చివరిదాకా ఎల్లు, తిరిగొచ్చీ. రోజూ అలగ ఎల్తంటే అదే పలకరిస్తాది." మంచం మీద పక్కకి తిరగడానికి నేను నడుంతో గుంజుకునేదాన్ని. "గేదెని తోక పట్టి లాగుతే వస్తాదేటి? కళ్ళు ముందు, తల తర్వాత, ఆ వెనక భుజం. నడుం అన్నింటికన్నా ఆఖర్న వచ్చే చుట్టం." ఇది ఎవరు నేర్పారని అడిగాను. "మా మేనకోడలు" అంది. అప్పటికి ఆ పిల్ల బడికి వెళ్తోంది. ఉయ్యాల్లో ఉన్నప్పుడు బోర్లా పడడానికి ఎంత అవస్థ పడిందో, ముందు ఏది తిప్పిందో, తర్వాత ఏది తిప్పిందో పక్కన చాపేసుకుని రోజుల తరబడి చూసిందట. చూసి, తనూ అలాగే తిరిగిందట.

ఇంట్లో నేను చీపురు పట్టుకునే తీరు మారింది. రుబ్బురోలు దగ్గర భుజంతో కాకుండా కూచున్న చోటునుంచి ఊగుతూ రుబ్బేదాన్ని. బిందె కుడి చంకకి కూడా వచ్చింది. ఇవన్నీ మా అత్తగారు చూస్తూనే ఉంది. "స్వెట్టరేదే?" అని మాత్రం అడిగేది. కానీ ఎవరైనా చూస్తుంటే నా ఒళ్ళు పాత నడకకే పోయేది. చాప మీద లేచినదాన్ని అత్తగారి ముందు గుమ్మం పట్టుకునేదాన్ని. దసరా దగ్గరపడుతోంది. కొండవాలు మీద వలిసె చేలు పసుప్పచ్చగా విరగబూశాయి. మా నాన్నకి ఉత్తరం వెళ్ళిపోయింది.

ఒకరోజు ఆవిడ నన్ను చాప మీద మోకాళ్ళ మీద కూచోబెట్టి "పడు" అంది.

"ఏమిటి?"

"పక్కకి పడు. మెల్లిగా. చెయ్యి ఆనించు."

పడ్డాను. భుజం కొట్టుకుంది.

"చెయ్యెక్కడుంది?" చూసుకున్నాను. గుండెల దగ్గరుంది, పైట పిడికిట్లో పట్టుకుని. "మల్లీ" అంది. మళ్ళీ పడ్డాను. చెయ్యి అక్కడే. నేలకి ఆనించాలని అనుకుంటూనే పడ్డాను, అయినా చెయ్యి అక్కడికే పోయింది. ఎన్నిసార్లు పడ్డా అంతే. ఆవిడ తిట్టలేదు. "ఆ రోజు కుళాయి దారిలో ఏ చెయ్యి నేలకి ఆనింది?" అని మాత్రం అడిగింది.

ఏదీ ఆనలేదు. ఒకటి బిందెని కాపాడింది, ఒకటి పైటని కాపాడింది. నడుముకి ఎవరూ లేకపోయారు. అది నాకు అప్పుడే, ఆ చాప మీదే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. పడిపోయినందుకు కాదు. అంత పెద్ద ప్రాణాపాయంలో కూడా నా చేతికి నా కంటే ఆ గ్యాంగ్‌మెన్ల చూపే ముఖ్యమైనందుకు. ముసుగేసుకుని ఏడ్చాను.

ఆవిడ లేచి డ్రమ్ము వెనక్కి వెళ్ళింది. చుట్ట వాసన వచ్చింది. ఏడుపు ఆపుకుని వెళ్ళి డ్రమ్ముకి ఇటువైపు కూచున్నాను. కాసేపటికి అటువైపునుంచి మాట వచ్చింది. చుట్ట తీసేసినట్టుంది.

"నాది మోకాలే. అప్పటికి ఏడాదిబట్టి సతాయిస్తండేది. డ్రిల్లు టీచరుకి మోకాల్నొప్పంటే నవ్వుతారని ఎవరికీ సెప్పలేదు. కట్టు కట్టుకుని పైన తెల్లచీర కట్టీసేదాన్ని. ఆటల పండగనాడు ఊరి పెద్దలందరూ కుర్చీల్లో కూకున్నారు. పిల్లలకి సూపిద్దామని గెంతేను. మడతపడిపోయింది కాలు. పడిపోయాను... పడడం ఏముందే, అందరూ పడతారు. చీర తడిపీసుకున్నాను. తెల్లచీర."

నేను డ్రమ్ము మీది చెమ్మని వేలితో తుడుస్తూ కూచున్నాను.

"పిల్లలు నవ్వేరు. నవ్వరా మరి? నిటారుగా, నిటారుగా అని బెత్తం పుచ్చుకుని కొట్టినదాన్ని. మర్నాడు బడికెల్లలేదు. మరింకెప్పుడూ ఎల్లలేదు. తమ్ముడింట్లో ఒక గదిలో కూకుని, ఉయ్యాల్లో పిల్లని సూసుకుంటా..." అని ఆగిపోయింది. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజునుంచి ఆవిడ చేసే కొన్ని పనులు నాకు అర్థమయ్యాయి. కిందనుంచి పాసింజరు వచ్చే వేళకి ఇంట్లోకి వెళ్ళిపోయేది, ఆ ఊరివాళ్ళెవరైనా దిగుతారేమోనని. గిరిజన బాలికల హాస్టలు వార్డెను వచ్చి మా పిల్లలకి కాస్త డ్రిల్లు చెప్పండమ్మా అని బతిమాలితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పంటినొప్పి నటించింది. అప్పుడు చుట్ట లేదు, నేను పక్కనే ఉన్నాను. నా మడమల సంగతి, పళ్ళ సంగతి తలుపు అవతలనుంచి చెప్పగలిగిన మనిషి, తన సిగ్గుని మాత్రం ఆ డ్రమ్ము వెనకాలే ఉంచుకుంది.

మా నాన్న సాలూరునుంచి బస్సుల్లో వచ్చారు. సంచీలో అమ్మ పంపిన అరిసెలు. కాళ్ళు కడుక్కుని చాప మీద కూచున్నారో లేదో, మా అత్తగారు మొదలుపెట్టింది. "అన్నయ్యగారూ, మీ పిల్లని మీ కళ్ళతో మీరే సూసుకోండి. మల్ల ఊరికినే అంపీసినారని మమ్మల్ని అనకండి." నావైపు తిరిగి, "అలగ కూకుని లెగమ్మా, నాన్న సూత్తారు" అంది.

పెళ్ళిచూపుల్లో పాట పాడమంటారు. నన్ను లేచి చూపించమన్నారు. మావారు ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డారు. నాన్న తల దించుకున్నారు. సరిగ్గా అప్పుడే పెరటి గుమ్మంలో డ్రిల్లమ్మ. "కరివేపాకు రెండు రెబ్బలు..." అంటూ వచ్చి, నన్ను చూసి, మమ్మల్నందర్నీ చూసి, మాట ఆపేసింది. అక్కడే గుమ్మంలో అటు తిరిగి నిలబడింది.

కూచున్నాను. దవడ వదిలాను. మడమల్ని అడిగాను, ఉన్నామన్నాయి. ముక్కు ముందుకి పంపాను. తల వంగేసరికి పైట జారింది. చెయ్యి దానికోసం లేచింది. లేవడంతోటే కుడి మడమ కింద నేల జారిపోయినట్టయింది, ఒళ్ళు వెనక్కి వాలిపోతోంది, కుళాయి దారిలో లాగే. చెయ్యి మధ్యలో ఉంది. నాన్న, మొగుడు, అత్తగారు, ముగ్గురూ చూస్తున్నారు. నేను ఆ చేతిని నేలకి పంపాను. అరచెయ్యి గచ్చుకి ఆనింది. లేచి నిలబడ్డాను.

"పైట!" అంది అత్తగారు, పాము బుస కొట్టినట్టు.

సర్దుకున్నాను. చెవులు కాలిపోయాయి. ఎవరూ బాగుందనలేదు. నాన్న గోడకి ఉన్న కాలెండరు చూస్తున్నారు, మావారు కాళ్ళవైపు చూసుకుంటున్నారు. లేచానన్న సంతోషం ఆవగింజంత ఉంటే, కన్నతండ్రి ముందు అలా నిలబడ్డానన్న సిగ్గు కొండంత ఉంది. వంటింట్లోకి పోయి పొయ్యి ఊదుతున్నట్టు ఏడ్చాను. గుమ్మంలోంచి "కరివేపాకు రేపొచ్చి తీసుకుంటాన్లే" అని వినిపించింది. ఆకు ఇవ్వకముందే వెళ్ళిపోయింది.

భోజనం అయ్యాక నాన్న చెయ్యి కడుక్కుంటూ మా అత్తగారితో అన్నారు. "పిల్ల బాగానే లెగుస్తంది కదమ్మా. దసరాకి అల్లుడు గారితో పంపించండి, నాలుగు రోజులుండి ఇద్దరూ తిరిగొచ్చేస్తారు." మా అత్తగారు ఏమంటుంది? వియ్యంకుడికి అల్లం మూట కట్టి ఇచ్చింది. ఆయన బస్సెక్కాక నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అయితే ఆ స్వెట్టరు ఇంక రాదన్నమాట" అంది. అన్నీ ఆవిడకి ముందునుంచీ తెలుసునేమో అని నాకిప్పటికీ అనుమానం.

ఎనభైల్లో డ్రిల్లమ్మ తమ్ముడికి పార్వతీపురం బదిలీ అయింది. కొండ దిగడం ఆవిడకి ఇష్టం లేదు. రైలెక్కుతూ నాతో ఏమీ మాట్లాడలేదు, పంటినొప్పి. ఆ మరుసటి ఏడాది ఆవిడకి పక్షవాతం వచ్చిందని తెలిసి, సాలూరు వెళ్ళినప్పుడు అక్కణ్ణుంచి బస్సులో పార్వతీపురం వెళ్ళాను.

మరదలు వాకిట్లోనే ఎదురొచ్చి కళ్ళు తుడుచుకుంది. "నిన్నట్నుంచీ చీర మార్చనివ్వట్లేదమ్మా వదిన. మనిషి దగ్గరికెల్తే గోడవైపు తిరిగిపోయి మూలుగుతాది. ఆయనెల్తే మరీను. నేనేటి సెయ్యను?"

గది గుమ్మం దాకా వెళ్ళేసరికే వాసన తెలిసింది. నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా అడుగు గుర్తుపట్టినట్టుంది, భుజం బిగుసుకుంది. ఆ భుజం నాకు తెలుసు. నేను లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలోనే వాకిలివైపు తిరిగి నిలబడ్డాను.

"అప్పా, నేను. సాలూరు గుంటని. అటు తిరిగి నిలబడ్డాను. ఎవర్నీ రానివ్వను."

పళ్ళ సందునుంచి ఒక మూలుగు వచ్చింది.

"పళ్ళెందుకు కరుస్తన్నావు?"

మంచం మీద తడిగా ఏదో చప్పుడైంది. నవ్వో ఏడుపో, నాకు తెలీలేదు.

"మడమలెక్కడున్నాయి?"

వాకిట్లో దండెం మీద ఆరేసిన చీరలు చూస్తూ నిలబడ్డాను. తర్వాత, ఒక పక్కనుంచి నలిగి నలిగి వచ్చింది మాట. "ఒకటి... తెలస్తంది. ఒకటి తెలీట్లేదు."

"తెలిసినదాంతోనే చేద్దాం. సగమే. కళ్ళు ముందు."

నవారు కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. నాకు కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకుంటే తెలిసిపోతుందని తుడుచుకోలేదు. సగం, అందులో సగం అంటూ ఉన్నాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చివరికి ఊపిరి పెద్దగా వదిలిన చప్పుడు వినిపించింది.

"గుంటా."

"ఆఁ అప్పా."

"ఇటు తిరుగు."

"తిరగనా?"

"తిరుగు. సూడు. పరవాలేదు."

తిరిగాను. ఆవిడ గోడని వదిలి నావైపుకి తిరిగి ఉంది. మూతి ఒక పక్కకి పోయింది. చీరంతా తడి. పైట పక్కన పడి ఉంది. బాగున్న చెయ్యి దాని దగ్గరికి వెళ్ళలేదు. మంచం పట్టె మీద అరచెయ్యి పూర్తిగా ఆనించి, ఒంటి బరువంతా దానిమీద వేసి ఉంది.